పేరు గడి కన్నా రిమార్కుల గడి ముఖ్యం

ఆంధ్రప్రదేశ్‌లో చుక్కల కోసం ఒక చట్టం ఉంది. 2017లో చేశారు. రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పట్టాదారు పేరు రాయవలసిన చోట పేరు లేకుండా చుక్కలు పెట్టి వదిలేసిన భూముల సంగతి తేల్చడానికి వచ్చిన చట్టమది. బ్రిటిషు కాలంలో సెటిల్‌మెంటు సిబ్బంది రిజిస్టరు రాస్తున్నప్పుడు ఫలానా సర్వే నంబరు ఎవరిదో తేలకపోతే ఆ గడిలో నాలుగు చుక్కలు పెట్టి కింది వరసకు దిగిపోయారు. తరాలు గడిచాయి. ఆ భూములను దున్నారు, శిస్తు కట్టారు, అమ్మారు, కొన్నారు. 2007లో రిజిస్ట్రేషన్ చట్టంలోకి 22-ఎ సెక్షన్ వచ్చి, అమ్మకాలు కుదరని భూముల జాబితాలు తయారవడం మొదలయ్యాక ఆ చుక్కలకు ‘సర్కారు భూమి’ అన్న అర్థం అంటుకుంది. బ్యాంకులు అప్పు ఇవ్వలేదు, సబ్ రిజిస్ట్రారు దస్తావేజు తీసుకోలేదు.

ఆ చుక్కల భావం ఆ గడిలో దొరకదు, చుట్టుపక్కల గడుల్లో దొరుకుతుంది. పోరంబోకు (సాగుకు ఇవ్వని సర్కారు భూమి) అని రాయాలనుకుంటే ఆ గుమాస్తాకు రాయడం వచ్చు, పై వరసలోనే రాశాడు. అనాధీనం (ఎవరి అధీనంలోనూ లేని భూమి) అని రాయడమూ వచ్చు. రెండూ రాయకుండా చుక్కలు పెట్టాడంటే అప్పటికి ఏదో తేలలేదని. శిస్తు గడిలో రూపాయలు, అణాలు వేసి ఉన్నాయా? పట్టా నంబరు ఉండి పేరు మాత్రమే లేదా, లేక రెండూ లేవా? పాత సర్వే నంబరు పట్టుకుని అంతకుముందటి సెటిల్‌మెంటు రిజిస్టరుకు వెళితే అక్కడ పేరుందా? ఇవన్నీ చూడకుండా ఒక్క పేరు గడినే కంప్యూటరులోకి ఎక్కిస్తే వచ్చే ఫలితం ఏమిటో రైతులు చూశారు.

నేను ఇక్కడ వాదించేది ఇదే. జిల్లా రికార్డు అంటే ‘ఎవరి పేరు ఉంది’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పే పట్టిక అనుకుంటున్నాం. భూమి పోర్టళ్లు కట్టినవాళ్లూ అలాగే అనుకున్నారు. ఆ పేరు అక్కడికి ఎలా వచ్చింది, ఎవరు అడ్డం చెప్పారు, ఏ ఫైలులో తేల్చారు, ఏ డిక్రీ మీద మార్చారు అన్నవి చెప్పే రిమార్కులు, కొట్టివేతలు, ఎర్రసిరా రాతలు, ఫైలు నంబర్లు, సాక్షుల వాంగ్మూలాలు అసలు రికార్డు. ముందు కాపాడవలసినవి, ముందు స్కాన్ చేయవలసినవి అవి. ప్రస్తుతం జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు.

ఆర్‌ఎస్‌ఆర్ చదవడం

రీసెటిల్‌మెంట్ రిజిస్టరును రెవెన్యూ ఆఫీసుల్లో ఆర్‌ఎస్‌ఆర్ అంటారు, రెండు భాషల్లో ఉంటుంది కాబట్టి డైగ్లాట్ అని కూడా అంటారు. మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న కోస్తా, రాయలసీమ జిల్లాల్లో రైతువారీ ఊళ్లకు ఇదే పునాది. సర్వే నంబరు, పాత నంబరు, సర్కారుదా ఇనామా, మెట్టా పల్లమా, నీటి వనరు, నేల తరగతి, తరం, ఎకరాకు రేటు, ఎకరాలు సెంట్లలో విస్తీర్ణం, శిస్తు, పట్టా నంబరు, పట్టాదారు పేరు, చివర రిమార్కులు. ఆఫీసుకు వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది వేలు పెట్టి చూసేది పేరు గడినే. పని తెలిసినవాళ్లు రెండు కొసల నుంచి మొదలుపెడతారు: ఎడమన పాత నంబరు, కుడిన రిమార్కులు.

ఇనాం భూమి అయితే ‘టి.డి.’ అని ఒక నంబరు కనపడుతుంది. టైటిల్ డీడ్ నంబరు అది. దాన్ని పట్టుకుంటే ఇనాం ఫెయిర్ రిజిస్టరులో సరిగ్గా ఒక వరసకు చేరుకుంటారు. 1858లో వేసిన ఇనాం కమిషన్ ఊరూరా విచారించి రాసిన రిజిస్టరు అది. ఇనాం దేనికిచ్చారు, ఎవరిచ్చారు, అంతకుముందు లెక్కల్లో ఎవరి పేరుంది, విచారణ నాటికి ఎవరు అనుభవిస్తున్నారు, వాళ్ల వయసెంత, పాత పేరుకు వాళ్లేమవుతారు, డిప్యూటీ కలెక్టరు ఏమన్నాడు, కమిషనరు ఏం తేల్చాడు, కట్టుబడి (ఇనాం మీద కట్టే నామమాత్రపు శిస్తు) ఎంత. కొన్ని చోట్ల కరణం తెచ్చి చూపించిన కవిలెల (పాత లెక్కల పుస్తకాల) ప్రస్తావన కూడా దొరుకుతుంది. 1919లో అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు అయిన ప్రీవీ కౌన్సిల్ ఒక తీర్పులో ఈ రిజిస్టరుకు చాలా బరువైన సాక్ష్యంగా విలువ ఇచ్చింది, ఇప్పటికీ దేవాదాయ భూముల వ్యాజ్యాల్లో ఇరుపక్షాల వకీళ్లూ మొదట తెచ్చేది దీన్నే. ఆ విలువ రావడానికి కారణం పేరు గడి కాదు. వాదన, అభిప్రాయం, నిర్ణయం మూడూ ఒకే వరసలో విడివిడిగా ఉండటం.

ఎర్రసిరా సంగతి ఇక్కడే చెప్పాలి. గ్రామ లెక్కలు కరణం నల్లసిరాతో రాస్తే, పైఅధికారి జమాబందీలోనో (ఏటా గ్రామ లెక్కలు సరిచూసే పని) తనిఖీలోనో ఎర్రసిరాతో దిద్దేవాడు. అంటే రంగు చూస్తే రాసింది ఎవరో తెలుస్తుంది. స్కానింగు కాంట్రాక్టు ఇచ్చినప్పుడు ఫైలు బరువు తగ్గుతుందని నలుపు-తెలుపులో చేయించుకుంటే రెండు చేతులూ ఒకటైపోతాయి. కరణం రాతకూ తహసీల్దారు దిద్దుబాటుకూ తేడా చెప్పలేని కాపీ కోర్టుకు ఎందుకు? ఇంకో ప్రమాదం ఉంది. పాత కాగితం మీది మచ్చలు పోవడానికి స్కానింగు సాఫ్ట్‌వేర్లలో డీస్పెకిల్ అనే మీట ఉంటుంది. చిన్న చిన్న చుక్కలను దుమ్ము అనుకుని తుడిచేయడమే దాని పని. చుక్కల మీద చట్టం చేసుకున్న రాష్ట్రంలో ఆ మీట ముట్టుకోకూడదని కాంట్రాక్టులో ఒక వాక్యం రాయించడానికి ఖర్చేమీ కాదు.

రంగులో, కనీసం 300 డీపీఐలో, సన్నరాత ఉన్నచోట 400లో తీయాలి. అట్ట, లోపలి అట్ట, ఖాళీ పేజీలు, అతికించిన చీటీ పైకెత్తి ఒకసారి, దించి ఒకసారి. పేజీ అంచులు కత్తిరించకూడదు, ఎందుకంటే ఫైలు నంబరు రాసేది అంచుల్లోనే.

ఫైలు మీది అక్షరం

రిమార్కుల గడిలో ‘ఆర్.డిస్. ఫలానా నంబరు, ఫలానా సంవత్సరం’ అని ఉందనుకోండి. చాలామంది అది పేజీ నంబరో, పాత సర్వే గుర్తో అనుకుని వదిలేస్తారు. నిజానికి అది ఒక ఫైలు చిరునామా, దాని ఆయుష్షు కూడా. కలెక్టరేట్లలో టాటెన్‌హామ్ పద్ధతి అని ఒక ఆఫీసు విధానం ఉంది. వచ్చిన తపాలాకు కరెంటు నంబరు అనే వరస నంబరు వేసి, గుమాస్తా పర్సనల్ రిజిస్టరులో ఎక్కించి, పని తీరాక ఫైలు మూసేటప్పుడు ఒక అక్షరం వేస్తారు. ఎల్.డిస్. అంటే ఏడాది ఉంచి తీసేయవచ్చు. కె.డిస్. మూడేళ్లు. డి.డిస్. పదేళ్లు. ఆర్.డిస్. శాశ్వతం.

ఏ ఊరి చరిత్రలో ఏది మిగలాలో నిర్ణయించినవాడు ఆ అక్షరం వేసిన గుమాస్తా. చెరువు తూము తగాదా మీద రైతులు పెట్టుకున్న అర్జీకి ‘అర్జీదారుకు తెలియజేయడమైనది’ అని ఎల్.డిస్. వేస్తే ఏడాదికి పోయింది. అదే తగాదాలో నీటి వాటా నిర్ణయించి ఉత్తర్వు ఇస్తే ఆర్.డిస్. అయి మిగిలింది. అందుకే పాత రికార్డుల్లో సర్కారు ఉత్తర్వులు దండిగా దొరికి, జనం మొర తక్కువగా దొరుకుతుంది. జనం మొర పెట్టుకోలేదని కాదు. చరిత్ర రాసేవాళ్లు ఈ జల్లెడను గుర్తుంచుకోకుండా ‘ఆ కాలంలో రైతులు నోరెత్తలేదు’ అని రాస్తుంటారు.

ఒక ఫైలు కోసం వెళ్లినప్పుడు నంబరు, సంవత్సరం ఉంటే చాలదు. అక్షరం కూడా చెప్పాలి, ఎందుకంటే రికార్డు గదిలో కట్టలు కట్టేది వాటి ప్రకారమే. తాలూకా ఆఫీసు నంబరా, కలెక్టరేటు నంబరా అన్నది కూడా తేల్చుకోవాలి. ఒకే అంకె రెండు చోట్లా ఉంటుంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు పాత తాలూకా రికార్డు అన్ని మండలాలకూ సమంగా పంచలేదు, పంచడం కుదరదు కూడా. పాత తాలూకా కేంద్రంలో ఉన్న మండల ఆఫీసులో మొదట అడగండి. అంతకు ఏడాది ముందే, 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. పుస్తకాలు అప్పగించమన్నారు. అప్పగించినవి ఉన్నాయి, అటకల మీదే ఉండిపోయినవీ ఉన్నాయి. గొలుసుకట్టు రాత చదవగలిగినవాళ్లు ఆ తరంతోనే తగ్గిపోయారు.

కోర్టు కట్ట

జిల్లా మునసబు కోర్టులు 1816 రెగ్యులేషన్ల కాలం నుంచి ఉన్నాయి. అవే ఇప్పటి జూనియర్ సివిల్ జడ్జి కోర్టులు. ఊరి సంగతి తెలుసుకోవడానికి వీటిని మించిన నిక్షేపం లేదు, వీటిని మించి నాశనమైందీ లేదు.

ఒక దావా కట్టలో ఏముంటాయంటే: దావా అర్జీ, ప్రతివాది జవాబు, ఇష్యూలు, రెండు వైపులా దాఖలైన దస్తావేజులు, సాక్షుల వాంగ్మూలాలు, కోర్టు పంపిన కమిషనరు వెళ్లి గీసిన ప్లాను, రిపోర్టు, తీర్పు, డిక్రీ, ఆ తర్వాత అమలు పిటిషన్లు. వీటన్నిటికీ ఒకే ఆయుష్షు లేదు. 1917 నాటి రికార్డుల నాశన చట్టం కింద హైకోర్టు చేసిన నియమాల ప్రకారం తీర్పులు, డిక్రీలు, దావా రిజిస్టర్లు నిలుస్తాయి, మిగతావి గడువు తీరాక పోతాయి. దస్తావేజులు అసలు అక్కడ ఉండవు. కేసు తేలాక దాఖలు చేసినవాళ్లు వాపసు తీసుకుంటారు. తీర్పు చివర ఎగ్జిబిట్ల జాబితా ఒక్కటే వాటి జాడ. కొత్త తీర్పుల్లో వాది కాగితాలు ఎ-1, ఎ-2 అనీ, ప్రతివాదివి బి-1, బి-2 అనీ ఉంటాయి. పాత మద్రాసు తీర్పుల్లో వాదివి అక్షరాలతో, ప్రతివాదివి రోమన్ అంకెలతో కనిపిస్తాయి. ఇది తెలియక ఒకరి కాగితాన్ని ఇంకొకరికి అంటగట్టడం సులభం.

పోయే కాగితాల్లో నేను ఎక్కువగా బాధపడేది వాంగ్మూలాల గురించి. ప్రతి వాంగ్మూలం నెత్తిన సాక్షి పేరు, తండ్రి పేరు, కులం, వృత్తి, వయసు, ఊరు ఉంటాయి. కింద అతను చెప్పిన మాట. కింది కోర్టుల్లో దాన్ని తెలుగులోనే రాసుకునేవారు. ఏ పంటకు ఎంత కూలి, కౌలు ధాన్యం ఏ కుంచంతో కొలిచారు, పుట్టికి ఎన్ని తూములు కోత పెట్టారు, కట్న కానుకలు ఎవరు ఎవరికి ఇచ్చారు, దత్తత నాడు ఎవరెవరు వచ్చారు, విధవరాలు ఏ గదిలో ఉండేది. నూరేళ్ల కిందటి మామూలు మనిషి, చదువురాని మనిషి, ఆడమనిషి సొంత నోటితో మాట్లాడిన చోటు మన దగ్గర ఇంకెక్కడుంది? తీర్పులో జడ్జీ దాన్ని ‘రెండో సాక్షి మాట నమ్మదగినది కాదు’ అని ఒక వాక్యం చేస్తాడు. మనం ఆ వాక్యాన్ని ఉంచి, సాక్షి మాటను చెదలకో కాగితం మిల్లుకో పంపిస్తున్నాం.

అన్నీ ఉంచడానికి చోటెక్కడ అంటారు. సరైన ప్రశ్నే. అన్నీ ఉంచమనడం లేదు. ప్రతి పదేళ్లలో ఒక ఏడాది కట్టలు మొత్తంగా, ఏరకుండా, ఉంచండి. ఏరితే ఆ ఏరినవాడి అభిరుచి మిగులుతుంది: జమీందార్ల వ్యాజ్యాలుంటాయి, పాతిక రూపాయల ప్రోనోటు దావాలుండవు. దీనికి తోడు 1900కు ముందువి ఎక్కడ మిగిలి ఉన్నా ముట్టుకోకూడదు. 2023లో కేంద్రం ఈ-కోర్టుల మూడో దశకు 7,210 కోట్ల రూపాయలు కేటాయించింది, పాత కేసు రికార్డుల డిజిటలీకరణ అందులో పెద్ద భాగం. స్కాన్ చేశాక కాగితం తీసేయవచ్చన్న ఆశ ఆ డబ్బు వెనకాల ఉంది. అందుకే ఏది స్కానవుతుందో, ఏ వరసలో అవుతుందో ఇప్పుడే అడగాలి.

వెతికే పద్ధతి చెబుతాను. దావా నంబరు తెలిస్తే సగం పని అయినట్టే. తెలియకపోతే రిమార్కుల గడిలో ‘ఓ.ఎస్.’ (ఒరిజినల్ సూట్, అంటే దావా) నంబరేమైనా ఉందేమో చూడండి. ఈసీలో, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితాలో, డిక్రీ గానీ కోర్టు వేలం సర్టిఫికేటు గానీ రిజిస్టరై ఉందేమో చూడండి. కంప్యూటరు ఈసీ 1983 నుంచే వస్తుంది, అంతకుముందుది సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చేత్తో వెతికించాలి. అప్పీలుకు వెళ్లిన వ్యాజ్యమైతే పైకోర్టు తీర్పులో కింది నంబరు ఉంటుంది. ఏదీ లేకపోతే సంవత్సరం అంచనా వేసుకుని దావా రిజిస్టరు పేజీ పేజీ తిప్పించాలి. అక్కడ వరస తేదీదే, పేరుది కాదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లో పేర్ల ఇండెక్సు ఒకటి, ఆస్తి ఇండెక్సు ఒకటి చట్టం ప్రకారమే రాయాలి, అందుకే నూరేళ్ల కిందటి క్రయపత్రం కూడా పూటలో దొరుకుతుంది. కోర్టుల్లో పాత దావాలకు అలాంటి ఇండెక్సు లేకపోవడమే అవి చచ్చుబడి ఉండటానికి కారణం. లక్ష పేజీల వాంగ్మూలాలు స్కాన్ చేయడానికి ముందు దావా రిజిస్టర్లు స్కాన్ చేసి, వాది, ప్రతివాది, ఊరు ఈ మూడూ టైపు చేయిస్తే, ఎక్కువ ఖర్చు లేకుండా జిల్లా అంతటి కట్టలకూ దారి పడుతుంది.

నకలు అర్జీలో కోర్టు పేరు, దావా నంబరు, సంవత్సరం, పార్టీల పేర్లు, కావలసిన కాగితం, దాని తేదీ రాయాలి. మీరు ఆ దావాలో పార్టీ కాకపోతే ఎందుకు కావాలో చెబుతూ ప్రమాణపత్రంతో పిటిషను పెట్టి కోర్టు ఉత్తర్వు తీసుకోవాలి. ఆ తర్వాత స్టాంపులు ఎన్ని కావాలో నోటీసు బోర్డు మీద పెడతారు. గడువులోపల దాఖలు చేయకపోతే అర్జీ కొట్టేస్తారు, మళ్లీ మొదటికి. నకళ్లు రాకపోవడానికి రికార్డు లేకపోవడం కన్నా ఆ బోర్డు చూడకపోవడమే ఎక్కువసార్లు కారణమవుతుంది. కోర్టు కాగితాలకు సమాచార హక్కు అర్జీ పెట్టి లాభం లేదు. హైకోర్టు నియమాల్లో నకలు పద్ధతి ఉన్నప్పుడు ఆ దారినే వెళ్లాలని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

తేదీ, ఊరు, అంకె

పాత రికార్డులో తప్పటడుగు వేసేది ఈ మూడింటి దగ్గర. ఫసలీ అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం. దానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది, అయితే మద్రాసు ఫసలీ జులై 1న మొదలవుతుంది. ఫసలీ 1310 అంటే 1900 జులై నుంచి 1901 జూన్ దాకా. నైజాం ఫసలీ అక్టోబరు మొదట్లో మొదలయ్యేది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య 1357 ఫసలీలో పడింది, మద్రాసు లెక్కన అయితే అప్పటికే 1358. సరిహద్దు ఊళ్ల తగాదాల్లో ఈ మూడు నెలల తేడా ఎవరు ముందు స్వాధీనంలో ఉన్నారన్నదాన్ని తారుమారు చేయగలదు. తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటే అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుందని గుర్తుంచుకోవాలి. నందన 1832లో వచ్చింది, గుంటూరు సీమను ఊడ్చేసిన కరువుకు ఆ పేరే. 1892లో మళ్లీ వచ్చింది. ధాత 1876 కావచ్చు, 1936 కావచ్చు. కాగితం, సిరా, స్టాంపు మీది రాణీ బొమ్మో రాజు బొమ్మో చూసి తేల్చాలి.

జిల్లా పేరు ఇంకా మోసం చేస్తుంది. 1859 నుంచి 1904 దాకా గుంటూరు జిల్లా అనేదే లేదు. ఆ కాలపు గుంటూరు ఊళ్ల కాగితాలు కృష్ణా జిల్లా కింద ఉంటాయి. ఒంగోలు 1904 దాకా నెల్లూరు, ఆ తర్వాత గుంటూరు, 1970 నుంచి ఇప్పటి ప్రకాశం. చిత్తూరు జిల్లా 1911లో పుట్టింది, అంతకుముందు దానిలో పెద్ద భాగం ఉత్తర ఆర్కాటు. కాబట్టి ఒకే ఊరి వరస మూడు కలెక్టరేట్ల మధ్య తెగి ఉంటుంది. ఇది మనకన్నా ఎక్కువగా నాటాల్, ఫిజీ, మారిషస్ తెలుగువాళ్లకు తగిలే దెబ్బ. 1860 నుంచి 1911 దాకా నాటాల్‌కూ, 1903 నుంచి 1916 దాకా ఫిజీకీ మద్రాసు రేవు నుంచి కూలీలుగా వెళ్లినవాళ్ల పాసుల మీద పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు ఉంటాయి. మునిమనవడు దాన్ని పట్టుకుని ఇప్పటి మ్యాపులో వెతికితే దొరకదు. ఆ సంవత్సరంలో ఆ తాలూకా ఏ జిల్లాలో ఉందో మొదట చూసి, ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినపడ్డ ఊరి పేరును నోటితో పైకి పలికి చూసి, ఆ తాలూకా ఊళ్ల జాబితాలో దగ్గరగా ఉన్నవాటిని ఏరుకోవాలి. ఆపైన జనన మరణ రిజిస్టర్లకు వెళ్లాలి.

అంకెల్లో భిన్నాలు చూసి భయపడతారు గానీ అవి తేలిక. నిలువు గీతలు పాతికలు: ఒకటి పాతిక, రెండు అర, మూడు ముప్పాతిక. అడ్డగీతలు వీసాలు, అంటే పదహారో వంతులు. తర్వాతి మెట్టులో మళ్లీ నిలువు గీతలే, అవి అరవైనాలుగో వంతులు, కానీలు. రెండు నిలువు గీతలను పదకొండు అని చదివారంటే అర ఎకరం కాస్తా పదకొండు ఎకరాలవుతుంది. తెలుగు ఒకటి చుట్టు మూసుకుపోయి సున్నాలా కనపడటం, రెండూ మూడూ కలిసిపోవడం కరణాల చేతిరాతలో మామూలు. పేజీ అడుగున మొత్తం ఉంటుంది. వరసలు కూడి మొత్తంతో సరిచూడకుండా ఏ అంకెనూ ఎత్తి రాసుకోవద్దు.

తెలంగాణలో ఈ కథ వేరే భాషలో నడుస్తుంది. 1880ల దాకా సర్కారు పని ఫార్సీలో, ఆ తర్వాత ఉర్దూలో. సేత్వార్, ఫైసల్ పట్టీ, వసూల్ బాకీ, పహాణీ అనే భూమి, శిస్తు లెక్కల్లో పాతవి చదవడానికి ఉర్దూ వస్తే చాలదు, దఫ్తరు రాత అలవాటుండాలి. 1954-55 ఖాస్రా పహాణీ అందరి నోళ్లలోనూ నానుతుంది, హక్కుకు అదే మొదటి మెట్టుగా వాడతారు కాబట్టి. అందులో పట్టాదారు పక్కన సాగు చేస్తున్నవాడి గడి కూడా ఉంటుంది. 2020లో ధరణి అనే భూమి పోర్టల్ వచ్చినప్పుడు ఆ అనుభవదారు గడి పోయింది. కౌలుదార్లకు రావలసిన సాయం సంగతి పక్కన పెట్టండి, అది వేరే వ్యాసం. రికార్డుగా చూస్తే, ఆ ఏళ్లలో ఎవరు దున్నారన్న ప్రశ్నకు రేపు సర్కారు కాగితంలో జవాబు ఉండదు. ఏ నైజాం గుమాస్తా కూడా చేయని పని అది.

బోర్డులు, మునిసిపాలిటీలు

వీటి గురించి తక్కువ చెప్పడానికి కారణం తక్కువ మిగలడమే. 1884 చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు వచ్చాయి. తాలూకా బోర్డులు 1934లో పోయాయి, జిల్లా బోర్డుల చోట 1959లో జిల్లా పరిషత్తులు వచ్చాయి. పోయినప్పుడల్లా కాగితాలు వారసుడి దగ్గరికి చేరాయి. ఆ వారసుడికి వాటితో పనిలేదు. బళ్లు, రోడ్లు, సత్రాలు, రేవుల వేలం పాటలు, టీకాలు, కలరా, అన్నీ మినిట్ పుస్తకాల్లో ఉండేవి. మునిసిపల్ పన్నుకు ఎదురు తిరిగిన చీరాల-పేరాల ఉద్యమం గురించి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పేరు, 1921లో ఊరు ఖాళీ చేసి రామనగరం కట్టుకున్న సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు. ఏ వీధిలో ఏ ఇంటికి ఎంత పన్ను పడింది, ఎవరు కట్టారు, ఎవరు ఎగ్గొట్టారు, ఎవరి సామాను జప్తు చేశారు అన్నది చెప్పగలిగేది మునిసిపల్ డిమాండు రిజిస్టరు. ఉపన్యాసాలు అచ్చయి మిగిలాయి. డిమాండు రిజిస్టరులాంటివి ఏ మునిసిపాలిటీలోనైనా ఆడిట్ అభ్యంతరాలు తీరాక పాత సామాను గదికి వెళ్లేవే.

కాగితం పాడవకుండా చూడటం గొప్ప విద్యేమీ కాదు, మన ఆఫీసుల్లో జరిగే తప్పులు నాలుగైదే. చిరిగిన చోట సెల్లోటేపు వేస్తారు; కొన్నేళ్లకు టేపు ఊడిపోయి జిగురు మాత్రం గోధుమరంగు మరకై కాగితంలోకి దిగుతుంది. ప్లాస్టిక్ లామినేషన్ చేస్తారు. దాన్ని ఇక తీయలేరు, లోపల కాగితం ఉడికిపోతుంది. పల్చటి టిష్యూ, పిండి జిగురు చాలు, తడిపితే తిరిగి వచ్చేస్తాయి. ట్యాగు కోసం ఎడమ పైమూల కన్నం వేస్తారు, అక్కడే ఫైలు నంబరుంటుంది. వానలో తడిస్తే ఎండలో ఆరబెడతారు. నీడలో, ఫ్యాను గాలికి, రెండు రోజులు దాటకుండా ఆరాలి, దాటితే బూజు పడుతుంది. గోడకు ఆనించిన బీరువాలోకి చెదలు వెనకనుంచి వస్తాయి, జానెడు దూరం ఉంచితే చాలు. అన్నిటికన్నా పెద్ద తప్పు కట్టలు విప్పి ‘బాగా సర్దడం’. పాత వరస ఒకసారి చెడితే ఏ కాగితం ఏ ఫైలుదో తిరిగి తెలియదు. స్కానింగుకు విప్పినా, విప్పినట్టే మళ్లీ కట్టాలి.

వ్యక్తిగత గోప్యత మాట కూడా వస్తుంది. బతికున్నవాళ్ల కుటుంబ కేసులు, మైనర్ల కాగితాలు బయటపెట్టమని ఎవరూ అనరు. 1890 నాటి నీటి తగాదాకు గోప్యత అడ్డం పెడితే అది గోప్యత కాదు, గది తాళం తీయడానికి బద్ధకం. కేంద్రం 1993లో చేసిన పబ్లిక్ రికార్డుల చట్టం కేంద్ర ప్రభుత్వ, కేంద్రపాలిత ప్రాంతాల కాగితాలకే. జిల్లా, మండల కాగితాలకు దాని అండ లేదు.

ఉన్న దారుల్లో పనికొచ్చేది ఒకటుంది. సమాచార హక్కు అర్జీకి గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, పైన 10 రూపాయలు. ఇరవై ఏళ్లు దాటిన సంగతులకు చట్టంలోని 8(3) కింద చాలా మినహాయింపులు వర్తించవు, అర్జీలో ఆ అంకె వేయండి. ‘ఫలానా భూమి వివరాలు ఇవ్వండి’ అని అడగొద్దు. దానికి పేరు గడి నకలు వస్తుంది. ఆర్‌ఎస్‌ఆర్‌లో ఆ సర్వే నంబరున్న పేజీ మొత్తం, రిమార్కుల గడితో సహా, రంగు నకలు అడగండి. రిమార్కుల్లోని ఫైలును నంబరు, సంవత్సరం, అక్షరంతో అడగండి. ‘ఫైలు లభ్యం కాలేదు’ అని జవాబొస్తే అక్కడ ఆగకండి. పద్ధతి ప్రకారం తీసేసిన ఫైలుకు, తీసేసినట్టు నమోదు ఉండాలి. రెండో అర్జీలో ఆ నమోదున్న పేజీ అడగండి, దాని మీది తేదీ, సంతకంతో సహా. ఆ పేజీ ఇవ్వగలిగితే ఫైలు నిజంగా పోయినట్టు. ఇవ్వలేకపోతే ఇంకా వెతకమని మొదటి అప్పీలు వేయడానికి 30 రోజుల గడువుంది.